ఇరవై పేర్లు, ముప్ఫై నలుగురు మనుషులు

ఆ రోజుల్లో భయపడడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. నాకైతే చిన్న కారణం కూడా అక్కర్లేదు. ఇరవై రెండేళ్ల వయసు, అత్తెసరు మార్కుల బి.ఎ., ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం ఉంటే చాలు, పళ్లు తోముకునేటప్పుడు మొదలుపెట్టి పక్క మీద వాలేదాకా దేనికో ఒకదానికి వణుకుతూ గడిపేయొచ్చు. డెబ్బైల చివరి మాట ఇది. మేము జంషెడ్‌పూర్‌లో, అగ్రికో క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కార్ఖానా పనికి వచ్చినవాడు, మా నాన్న అదే కార్ఖానాలో ఫోర్‌మన్. నేను మాత్రం ఇనుము జోలికి పోకుండా వయోజన విద్య వాళ్ల దగ్గర చేరాను. నా పని పెద్దవాళ్లకి చదువు చెప్పడం కాదు, చదువు చెప్పే వాలంటీర్లకి ఎలా చెప్పాలో నేర్పడం. అంతకు ముందు నేను చదువు చెప్పింది ఒక్క మా చెల్లెలికే. (పన్నెండో ఎక్కం. అది ఈనాటికీ వేళ్లు లెక్కపెట్టుకుంటుంది.) రాంచీలో పది రోజులు శిక్షణ ఇచ్చి, చేతిలో ఒక నోట్సు పెట్టి, నువ్వు ఇప్పుడు శిక్షకుల శిక్షకుడివి పొమ్మన్నారు. ఆరు నెలల్లో పని బాగుందనిపిస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే లేదు. "ఇదైనా నిలబెట్టుకోరా" అన్నారు మా నాన్న. ఆయన ఒక్కసారే అన్నారు గానీ నాకు రోజుకి పదిసార్లు వినబడేది.

సోనారిలో ఒక క్లబ్బు గది అడిగి తీసుకుని ఆరుగురు వాలంటీర్లకి మూడు రోజుల శిక్షణ మొదలుపెట్టాను. వాళ్లలో ఇద్దరి గురించే చెప్తాను. ఒకరు భుయ్యాడీహ్‌లో బట్టలు కుట్టే ఆవిడ, అందరికీ కుట్టుమిషను పిన్ని. రెండోవారు గార్డు తాతయ్య, రైల్వేలో రిటైరైనా జేబులో విజిల్ మాత్రం రిటైర్ కాలేదు. నేను నోట్సు తెరిచి "వయోజనుల అభ్యసనంలో మనస్తత్వ శాస్త్ర ప్రాధాన్యం" అని మొదలుపెట్టాను. పక్కనే చిన్న విమానాశ్రయం, ఏదో బుల్లి విమానం లేచినప్పుడల్లా నా గొంతు వినబడేది కాదు. ఆ విమానాలకి నేను లోలోపల దండాలు పెట్టుకున్నాను. రెండో రోజున పిన్ని లేచి అడిగింది. "బాబూ, ఇటుకలు మోసీ మోసీ సేతి ఏళ్లు బిగిసిపోయినోళ్లకి పెన్సిలు ఎలగ పట్టించాలి?" నా నోట్సులో దానికి సమాధానం లేదు. "అది తొమ్మిదో అధ్యాయంలో వస్తుందండీ" అన్నాను. నోట్సులో ఉన్నవి ఎనిమిదే.

మూడో రోజుకి చెప్పడానికి నా దగ్గర భయం తప్ప ఏమీ మిగల్లేదు, అందుకని అదే చెప్పాను. "ఏం నేర్పినా నేర్పకపోయినా హాజరు తగ్గకూడదు. తగ్గితే సెంటరు మూసేస్తారు. రిజిస్టర్లో ఇరవై పేర్లుంటే ఇరవై టిక్కులూ పడాలి." ఈ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు ఎంత వణికిందో గానీ, అంతదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్న గార్డు తాతయ్య కూడా గబగబా రాసుకున్నారు. నా శిక్షణ మొత్తంలో వాళ్ల బుర్రకెక్కింది ఆ ఒక్క మాటే.

పిన్ని వరండాలో సెంటరు మొదలైంది. సాయంత్రం ఆరింటికి గార్డు తాతయ్య విజిల్ వేస్తే క్లాసు బయలుదేరేది, ఎనిమిదింటికి మళ్లీ వేస్తే ఆగేది. వారానికి రెండుసార్లు సైకిలు మీద వెళ్లి చూసేవాణ్ణి. చూసేవాణ్ణి అంటే రిజిస్టరు చూసేవాణ్ణి. పెద్దవాళ్లు బాసిపట్లు వేసుకుని కూర్చుని నా వైపు చూస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక, తల దించుకుని, పిన్ని చదివే పేర్లకి వరసగా టిక్కులు పెట్టేవాణ్ణి. "ఉన్నాను", టిక్కు. "ఉన్నానమ్మా", టిక్కు. ఒక్క రోజు కూడా ఒక్క పేరూ తప్పలేదు. వానొచ్చినా ఇరవై, సువర్ణరేఖ నది పొంగి కింది గల్లీలో నీళ్లు నిలిచినా ఇరవై. రాంచీ ఆఫీసుకి ఆ లెక్క పంపినప్పుడల్లా అంత గర్వంగా ఉండేది, అంత భయంగానూ ఉండేది, ఇంత మంచి నాకెందుకు జరుగుతోందా అని.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. ఇంత హాజరు ఎక్కడా లేదట, స్వయంగా చూడడానికి పాట్నా నుంచి పెద్ద సారు ఫలానా ఆదివారం వస్తున్నారట. నాకు అన్నం సయించడం మానేసింది. "మనవాళ్లకి చదవడం వచ్చినట్టేనా పిన్నీ?" అని అడిగితే పిన్ని దారం పంటితో తెంపి, "వచ్చింది బాబూ, అందరికీ కలిపి మొత్తం వచ్చీసింది" అంది. కలిపి అన్న మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకునే స్థితిలో లేను.

ఆదివారం వరండా నిండిపోయి, మెట్ల మీద, వీధిలో కూడా కూర్చున్నారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కాబోలు అనుకున్నాను. పెద్ద సారుకి తెలుగు రాదు. రిజిస్టరు నా చేతికిచ్చి పేర్లు పిలవమన్నారు. మొదటి పేరు కొలిమి లోపలి ఇటుకలు మార్చే కాంట్రాక్టు గ్యాంగులో పనిచేసే ఆయనది. అందరూ ఇటుకల బాబాయి అనేవారు. పిలిచాను. ఇద్దరు లేచి నిలబడ్డారు. మళ్లీ పిలిచాను, ఇద్దరూ మళ్లీ "ఉన్నాను" అన్నారు. రెండో పేరుకీ ఇద్దరే. ఐదో పేరుకి ఒక్కడే లేచాడు గానీ, రెండోవాడి బదులు అతని పక్కింటామె లేచి, "మావోడు ఊరెల్లినాడు, నాను వచ్చినాను" అంది. ఇరవై పేర్లూ పూర్తయ్యేసరికి ముప్ఫై నలుగురు నిలబడి ఉన్నారు. "యే క్యా హై భాయ్?" అన్నారు పెద్ద సారు. అదేమిటో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

సారు మొదటి పేరుకి లేచిన ఇద్దరినీ ముందుకి రమ్మని వాచకం తెరిచారు. మొదటాయన మొదటి పాఠం గడగడా చదివేశాడు, నేను హిందీలో చెప్పాను, సారు తల ఊపారు. నా ప్రాణం లేచి వచ్చింది. పేజీ తిప్పారు. ఆయన చదవడం ఆపి పుస్తకం పక్కవాడికి అందించాడు. "ఇది మా తోడల్లుడిది. ఆ వారం నాది బీ షిప్టు, రాత్రి పదింటిదాకా పనే." తోడల్లుడు రెండో పాఠం అంతే గడగడా చదివి, మూడో పాఠం దగ్గర పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. సరి పాఠాలు ఒకరివి, బేసి పాఠాలు ఒకరివి. ఇద్దరూ కలిసి పుస్తకం మొత్తం చివరిదాకా లాగేశారు, ఎక్కడా తడుముకోలేదు.

పెద్ద సారు కళ్లజోడు తీసి నా వైపు తిరిగారు. వీళ్లిద్దరిలో ఈ పేరుగల అసలు మనిషెవరని హిందీలో అడిగారు. నేను ఇద్దరి మొహాలూ చూశాను. ఒకాయనకి చెవి మీద కాలిన మచ్చ ఉంది, రెండో ఆయన జుట్టు నెరిసింది. మూడు నెలలపాటు వారానికి రెండుసార్లు వెళ్లాను, ఆ పేరు పక్కన ఎన్ని టిక్కులు పెట్టానో లెక్కలేదు. ఎవరో చెప్పలేకపోయాను.  అప్పుడు కలిగిన సిగ్గు ఉద్యోగం పోతుందన్న భయాన్ని కూడా కాసేపు పక్కకి నెట్టేసింది. నా అవస్థ చూసి తోడల్లుడే ఆదుకున్నాడు. "ఇందల నకిలీ ఎవుడూ లేడు బాబూ. ఇద్దరం అసలే."

అప్పుడు పిన్ని చెప్తే తెలిసింది. కాంట్రాక్టు పనుల్లో అదొక పద్ధతి, మనిషికి వీలు కాకపోతే బద్లీని, అంటే తన బదులు ఇంకొకణ్ణి పంపుతాడు. పని ఆగదు, హాజిరీ పోదు, ఎవరూ తప్పు పట్టరు. ఇక్కడా అదే చేశారు. "హాజిరీ తగ్గితే సెంటరు మూసేత్తారని నువ్వే కదా బాబూ సెప్పినావు! నువ్వు అంతలా బెదిరిపోతా సెప్తే, పాపం, కుర్రోడి నౌకరీ పోతాదని ఆళ్లందరూ బద్లీలని ఎట్టుకున్నారు" అంది.  నా శిక్షణ అంత బాగా పనిచేస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

అదంతా హిందీలో చెప్తే పెద్ద సారు నవ్వలేదు. (ఆయన నవ్వుతారని ఎదురుచూసి నేను ఒక చిన్న నవ్వు ముందే సిద్ధం చేసుకున్నాను. దాన్ని మింగేయాల్సి వచ్చింది.) తాను చూసినవాళ్లలో పుస్తకం పూర్తి చేసినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఫలితం సున్నా అన్నారు. ముప్ఫై నాలుగు పేర్లతో కొత్త రిజిస్టరు రాసుకోమని, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తానని, ఆరోజు రిజిస్టర్లో ఉన్న ప్రతి పేరుకీ దాని మనిషే ఎదురుగా కూర్చోవాలని, ఒక్కరు తక్కువైనా నేను ఇంటికి పోవచ్చని చెప్పి జీపెక్కారు.

మర్నాడు కొత్త రిజిస్టరుతో వెళ్లాను. పాఠాలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పించాలని రెండు పేజీల ప్రణాళిక కూడా రాసుకెళ్లాను. పిన్ని అది తీసుకుని మిషను కాలు ఎగుడుదిగుడుగా ఉంటే కింద పెట్టింది. "ఈయనకి తెలిసింది ఆయనకి, ఆయనకి తెలిసింది ఈయనకి సెప్పుకుంతారు. నువ్వు కూకో బాబూ." కూర్చున్నాను. బాబాయి తోడల్లుడి వేళ్లు తన చేత్తో పట్టుకుని దిద్దించడం, పక్కింటామె ఆ ఐదో పేరువాణ్ణి "గట్టిగా నొక్కకు, పెన్సిలు ఇరిగిపోద్ది" అని కసరడం, అంతా అప్పుడే మొదటిసారి తల ఎత్తి చూశాను. తొమ్మిదో అధ్యాయం ఇదే కాబోలు. వారం తిరక్కుండా ముప్ఫై నాలుగు పేర్లూ మొహాలతో సహా నాకు వచ్చేశాయి. చెవి మీద మచ్చ ఉన్నది ఇటుకల బాబాయి.

రెండో పరీక్ష ఆదివారం పెట్టలేదు, మంగళవారం సాయంత్రం పెట్టారు. అన్నాళ్లూ షిఫ్టు మార్చుకుంటూ వచ్చిన ఇటుకల బాబాయికి ఆ వారం బీ షిఫ్టు తప్పలేదు. సెలవడిగితే గ్యాంగు మేస్త్రీ ఇవ్వలేదు. నేను సైకిలు తొక్కుతూ దారి పొడుగునా అన్ని దేవుళ్లకీ మొక్కుకున్నాను. తీరా చూస్తే పెద్ద సారుకి ఒంట్లో బాగులేక ఆయన బదులు ఇంకొకాయన వచ్చారు. "సారుకి కూడా బద్లీ ఉన్నాడేటి!" అని తోడల్లుడు నా చెవిలో గుసగుసలాడాడు. కొత్తాయనకి ఇక్కడి మొహాలు తెలియవు. అందరిలోకీ తోడల్లుడికి పాఠాలు బాగా వచ్చు. తన పేరు మీద ఒకసారి చదివేసి, గల్లీ చుట్టూ తిరిగొచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని బాబాయి పేరుకి మళ్లీ కూర్చుంటే అడిగేవాడు లేడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. బాబాయి పేరు రాగానే వరండాలో అందరూ నా వైపు తిరిగారు. తోడల్లుడు మెట్ల దగ్గర తువ్వాలు చేత పట్టుకుని నిలబడి నా కళ్లలోకి చూశాడు. నేను తల ఊపితే చాలు.

 మా నాన్న గొంతు వినబడింది. "గైర్హాజరు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కొత్తాయన పేజీ మీద ఏదో రాసుకుని, "ఠీక్ హై, ఆగే" అన్నారు. అంతే. తర్వాతి పేరు పిలవమన్నారు. ఆ "ఠీక్ హై" కోసం నేను ఆరు నెలలు నిద్ర లేకుండా గడిపాను.

సెంటరు ఉంది, నా ఉద్యోగమూ నిలిచింది. (మరో ఏడాదికి ఆ విభాగమే ఎత్తేశారు. అంత భయపడి కాపాడుకున్నది నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయింది.) నేను చేసిన ఆ ఒక్క ధైర్యం పనికి మెచ్చుకుంటారనుకుని మర్నాడు ఛాతీ విరుచుకుని వెళ్లాను. ఇటుకల బాబాయి పొద్దున్నే పిన్ని వరండాలో నాకోసం కాచుకుని ఉన్నాడు. "నా హాజిరీ ఎందుకు కొట్టీసినావు?" అన్నాడు. నువ్వు రాలేదు కదా బాబాయీ అంటే, "నాను రాకపోతే మావోడు వచ్చినాడు కదా! ఆరు నెలల్లో ఒక్క రోజు నాగా లేదు నాకు. నా పేరు పక్కన సున్నా ఎట్టినావు" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క గైర్హాజరుని ఆయన అంత అవమానంగా తీసుకుంటాడని నాకు ఊహకి కూడా అందలేదు.  తల దించుకుని నిలబడ్డాను.

వారం మొత్తం నాతో మాట్లాడలేదు. తర్వాతి సోమవారం షిఫ్టు మారి, స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి అందరికంటే ముందు వరసలో కూర్చున్నాడు. నేను పేరు పిలిచాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, గోడతో చెప్తున్నట్టు, "ఉన్నాను" అన్నాడు. నేను వెంటనే టిక్కు పెట్టలేదు. తల ఎత్తి ఆ మచ్చ వైపు చూశాను. "రాయవేటి బాబూ?" అని ఆయనే కసిరాడు. ఇంత వయసొచ్చాక ఇప్పుడు ఆ వణుకుడు కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పాపం, వాడు ఆ రోజు టిక్కు పెట్టడానికి పెన్సిలు కోసం జేబులన్నీ వెతికాడు. అది చేతిలోనే ఉంది.