దగ్గితే మింగినట్టే

అరవై దాటాక ఆయన మళ్లీ బడికి వెళ్లాల్సి వచ్చింది. ఏటా ఇన్ని గంటలు కొత్త పాఠాలు విన్న పశువైద్యులకే లైసెన్సు నిలుస్తుందని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

"పలకా బలపం కొనమంటారా?" అంది భార్య, బ్యాగు అందిస్తూ.

"కొను. తప్పులు దిద్దుకోవద్దూ?" అన్నాడు నవ్వుతూ. ఆ మాట సాయంత్రానికి తనకే తగులుతుందని అప్పటికి తెలియదు.

ఊరికి ఆయన గుర్రాల డాక్టరు. కడుపునొప్పి వచ్చిన గుర్రం పొట్టకు చెవి ఆనించి, వాన వెలిశాక చూరు నుంచి జారే నీళ్లలాంటి పేగుల చప్పుడు కోసం కళ్లు మూసుకుని వేచి ఉండేవాడు. చప్పుడు లేకపోతే తల పైకెత్తి పట్టించి, దవడ పక్కనుంచి సీసాతో నూనె పోసేవాడు. గుర్రం దగ్గేది. "దగ్గితే మింగినట్టే," అనేవాడు. గురువు చెప్పిన మాట. ముప్ఫై ఎనిమిదేళ్లుగా దాన్ని గుర్రబ్బండివాళ్లందరికీ పంచాడు.

పట్నంలో పాఠాల హాల్లో ముందు వరుసలు కుక్కల, పిల్లుల డాక్టర్లవి. ఆయన పక్కన కోళ్ల డాక్టరమ్మ కూర్చుంది.

"బాబాయి గారూ, నిద్రొస్తే నా భుజం మీద మాత్రం వాలకండి. కోళ్ల కంపు."

"లద్దె వాసనకు అరిగిపోయిన ముక్కమ్మా ఇది. నీ కోళ్లు దీన్నేం చేస్తాయి?"

పాఠం చెప్పే పిల్లకు ఆయన కూతురి వయసు. తెర మీద ఒక ఊపిరితిత్తి బొమ్మ వేసింది.

"కడుపునొప్పికి సీసాతో నూనె పోస్తారు కొందరు. అది దారి తప్పి ఇక్కడికి జారుతుంది. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసే పోయాలి. పోసేటప్పుడు గుర్రం దగ్గిందంటే, ఊపిరితిత్తుల్లోకి పోతోందని మొర పెట్టుకుంటున్నట్టు. నొప్పి తగ్గుతుంది. నాలుగో రోజు జ్వరం వస్తుంది. అందరూ వాన మీదికి తోసేస్తారు."

ఎవరో దీపాలు తీసేసినట్టయింది ఆయనకు. పోయిన నెల చనిపోయిన ఎర్ర ఆడగుర్రం రెండుసార్లు దగ్గింది. నాలుగో రోజు జ్వరం, తొమ్మిదో రోజు నేల. వాన జల్లు తగిలిందని తనే చెప్పాడు. శాల కిటికీ మూయలేదని దాని బండివాడు తల బాదుకున్నాడు. దాని వెనక ఇంకెన్ని దగ్గులు? లెక్కపెట్టబోయి ఆపేశాడు.

చివర్లో చిన్న పరీక్ష పెట్టారు. తొమ్మిదో ప్రశ్న ఆ దగ్గు గురించే. సరైన జవాబుకే టిక్కు పెట్టాడు.

"పదికి పది! పార్టీ ఎప్పుడు బాబాయి గారూ?" అంది కోళ్ల డాక్టరమ్మ.

సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకుని నేరుగా బండివాడి గుర్రపుశాలకు వెళ్లాడు. బయట ఇంకా వెలుగుండగానే లోపల చీకటి. కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టేసి ఉన్నాయి. మిగిలిన ముసలి గుర్రం గోడకు ముఖం పెట్టి నిలబడింది.

"కిటికీ కాదయ్యా దాన్ని చంపింది. నేను. నేను పోసిన నూనె."

బండివాడు చేతులు తుడుచుకున్నాడు. "ఊరుకోండి డాక్టరు గారూ. నా ఏడుపు చూడలేక నింద మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"నిజం! ఇవాళ పాఠంలో చెప్పారు. ఇదిగో, అక్కడిచ్చిన కాగితం."

బండివాడు దాన్ని గుమ్మం వెలుగులో పట్టుకుని కూడబలుక్కున్నాడు. ముఖం విప్పారింది. "పదికి పదా! ఇన్ని మార్కులొచ్చిన చేత్తో తప్పు చేస్తారా ఎవరైనా? మీ పేరు చెప్పుకునే బతుకుతున్నామండీ మేం. పొద్దున పక్కవీధి తెల్లగుర్రం నొప్పితో పొర్లుతుంటే, మీరు ఊళ్లో లేరని నేనే పోశాను. అచ్చం మీరు నేర్పినట్టే."

ఆయన కిటికీ చెక్కను పట్టుకున్నాడు.

"దగ్గిందా?"

"బ్రహ్మాండంగా!" అన్నాడు బండివాడు. "ఇంక భయం లేదని వాళ్లకు చెప్పొచ్చాను."