కొమ్ము తప్పిన గట్టు

ఇంటి లోన్లిచ్చే కంపెనీలో ఇరవై ఏడేళ్లు పనిచేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాను. భవానీపురం ఇంట్లో హాయిగా కూర్చోమంటారు పిల్లలు. కూర్చోవడం నాకు చేతకాదు. పొద్దున్నే వీధులమ్మట పడతాను. ఎవరైనా పునాది తీయిస్తుంటే ఆగి, తూర్పెటు, పడమరెటు, వాన నీళ్లు ఎటు పోతాయి అని చూస్తాను. మేస్త్రీలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నేను చేరింది ఊడ్చే పనికి. వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌను మీద మేడే మా ఆఫీసు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ముప్పై ఆరేళ్లొచ్చాక, టీ గ్లాసులు కడిగేసి, పాత ఫైళ్ల అట్టల మీద పేర్లు చూసి దిద్దడం మొదలుపెట్టాను. గుమాస్తా ఒకాయన నేర్పాడు. నేర్పినంత సేపూ ఎగతాళి చేసేవాడు. అది ఆయన ఫీజు అనుకుని ఊరుకున్నాను.

ఒకసారి సంచి మోయడానికి ఇంజనీరుగారి వెంట సైటుకి వెళ్లాను. ఆయన స్థలం భేషుగ్గా ఉందన్నాడు. "ఇది పూడ్చిన గుంటండీ, కుంగుతుంది" అన్నాను. పొలం పనుల్లో పెరిగినదాన్ని, పోసిన మట్టి నా కాళ్లకే తెలుస్తుంది. ఆ మాట మేనేజరుగారి దాకా వెళ్లింది. అప్పట్నుంచీ సైట్లకి నన్నే పంపేవారు. నాలుగు హద్దులూ చూసొచ్చి నోటితో చెబితే గుమాస్తా రాసుకునేవాడు. నాకు అక్షరాలొచ్చాయని తెలిశాక, "ఇకనుంచి నువ్వే రాయమ్మా" అన్నారు మేనేజరుగారు.

"మా అక్కకి కొమ్ములొచ్చాయండోయ్" అన్నాడు గుమాస్తా.

నా చేత్తో రాసిన మొదటి రిపోర్టు మైలవరం దగ్గర స్థలానిది. బట్టలు కుట్టే ఒకావిడ అక్కడ ఇల్లు మొదలుపెట్టింది. గోతులు తీయించేసి, లోను రాగానే వానలకి ముందే పునాది లేపేయాలని కాచుకుని కూర్చుంది. స్థలం చుట్టూ తిప్పి చూపించింది. తూర్పు రోడ్డు, పడమర పొలం గట్టు. అంతా సరిగ్గానే ఉంది.

పది రోజులకి హైదరాబాదు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. దస్తావేజులో హద్దు ఒకటి, రిపోర్టులో ఇంకొకటి, గుట్ట పక్క స్థలమైతే గవర్నమెంటుది కావచ్చు, లోను ఆపండి అని.

"సైటులో చూసిందే రాశావా?" అని అడిగారు మేనేజరుగారు.

"చూసిందే రాశానండీ."

సాయంత్రం అందరూ వెళ్లాక రిపోర్టు తీసి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. గట్టు అని రాయాల్సిన చోట గుట్ట అని ఉంది. చివర పెట్టాల్సిన కొమ్ము తెచ్చి ముందు పెట్టాను. గుమాస్తా దాన్ని అలాగే ఇంగ్లీషులోకి కొట్టి పంపేశాడు. కిందనున్న డెల్టా ఊరైతే, ఇక్కడ గుట్టేమిటే అని నవ్వి దిద్దేవాళ్లు. మైలవరం వైపు నిజంగానే గుట్టలున్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

నేను చెప్పలేదు. చెబితే పెన్ను లాక్కుని మళ్లీ చీపురిస్తారని భయం. రెండు రోజులు ఆఫీసులో ఒక్కచోట నిలబడలేకపోయాను. తుడిచిన బల్లలే తుడిచాను, నా పని కాకపోయినా. కిటికీ దగ్గరకెళ్లి మబ్బులు చూసి వచ్చేదాన్ని.

మూడో రోజు ఆవిడే వచ్చింది.

"సార్, మా పడమర గుట్ట లేచిందంటగా? మా మావగారు ఆ గట్టు మీదే కూర్చుని చుట్ట కాలుస్తారండీ. గుట్టెక్కి కాల్చే ఓపిక ఆయనకెక్కడిదండీ?"

ఆఫీసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"మబ్బు పట్టేసిందండీ. గోతుల్లో నీళ్లు దిగితే అంచులు విరిగిపడతాయి. మళ్లీ తవ్వించే తాహతు నాకు లేదు."

"మా మనిషి చూడందే రాయదమ్మా" అన్నారు మేనేజరుగారు. ఆయన నన్ను వెనకేసుకొస్తుంటే తట్టుకోలేకపోయాను.

"అది గట్టేనండీ. గుట్ట నేను లేపిందే. కొమ్ము తప్పు చోట పెట్టాను."

గుమాస్తా అందుకున్నాడు: "కొమ్ములైతే వచ్చాయి గానీ అక్కా, ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండు రోజులైంది."

"ఆ రెండు రోజులూ వచ్చి నా గోతిలో కూర్చోవాల్సింది."

మేనేజరుగారు తన జేబులో పెన్ను తీసి నా ముందు పెట్టారు. "మళ్లీ రాయి. రాస్తూ పైకి చదువు. అందరికీ వినబడాలి."

రాశాను. పడమర, పొలం, గట్టు. గొంతెత్తి చదివాను. కాగితం హైదరాబాదు వెళ్లి తిరిగి వచ్చేలోపే వాన పడింది. గోతి ఒక వైపు విరిగింది. ఆవిడా, మావగారూ కలిసి మళ్లీ తవ్వుకున్నారు. లోను వచ్చింది, ఇల్లు లేచింది, గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. విస్తరి ముందు కూర్చోబెట్టి, పెరటి గుమ్మంలోంచి చూపించింది: "అదిగో అక్కా, నీ గుట్ట." నవ్వి, తలొంచుకుని అన్నం కలుపుకున్నాను.

ఆ తర్వాత నేను పైకి చదవకుండా ఒక్క రిపోర్టూ ఇవ్వలేదు. కంప్యూటర్లొచ్చాయి, ఫోన్లో ఫొటోలు తీసే పిల్ల ఇంజనీర్లొచ్చారు, నా చదువు విని ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వుకోనీ. మంచి ఉద్యోగం చేశాను. ఈ చుట్టుపక్కల ఏ బస్సెక్కినా కిటికీలోంచి నేను హద్దులు చూసిన ఇల్లు ఒకటైనా కనబడుతుంది. అయినా కంటికి ముందు ఆనేది ఆ విరిగిన గొయ్యే.

పోయిన నెల ఊరికే మైలవరం బస్సెక్కాను. ఆవిడకి కళ్లజోడొచ్చింది, మిషను మాత్రం ఆపలేదు.

"మళ్లీ కొలవడానికొచ్చావా?"

"చూసిపోదామని."

పెరట్లోకి తీసుకెళ్లింది. మావగారు పోయారు. గట్టు తీసేసి గోడ కట్టారు.

"ఇప్పుడేం రాస్తావక్కా?"

"గోడ" అన్నాను. "దానికి కొమ్ముతో పనిలేదులే."