ఆ ఐదో మార్కు నేనే వేశాను

మా చిన్నప్పుడు... శుక్రవారం ఆఖరి పీరియడ్ తెలుగు డిక్టేషన్. ఆ రోజు సత్తు క్యారేజీలో పప్పన్నం కూడా గొంతు దిగేది కాదు...

ద్రాక్షారామం దగ్గర మా బడి. ఐదో తరగతి. వరలక్ష్మి టీచర్ గారు పది మాటలు చెప్పేవారు. రాశాక పక్కవాళ్ళతో పుస్తకాలు మార్చుకుని దిద్దాలి. ఐదు కంటే తక్కువ వస్తే వారమంతా తెలుగు పీరియడ్‌కి మూడో తరగతిలో, చిన్నపిల్లల మధ్య కూర్చోవాలి.

నా పక్కన నూకరత్నం. వాళ్ళ నాన్న గోదావరిలో చేపలు పట్టేవారు. లెక్కల్లో క్లాసుకే ఫస్టు... కానీ శ, ష, స మూడూ దానికి ఒకటే. అప్పటికే రెండుసార్లు మూడో తరగతిలో కూర్చుని వచ్చింది.

"ఈసారి పంపితే నేనింక బడికి రానే" అంది ఆ పొద్దున్న.

మధ్యాహ్నం దాని పుస్తకం నా చేతికొచ్చింది. విసేసం... సిస్యుడు... బాస... ఆస... మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే ఒప్పు.

టీచర్ గారు కిటికీ వైపు తిరిగి ఉన్నారు. "ఆస"లో స మీద నా పెన్నుతో శ దిద్దేశాను. తడి సిరా అలుక్కుపోయింది. ఐదు మార్కులు వేసి ఇచ్చేశాను.

ఆవిడ పుస్తకాలు తిరగేస్తూ ఒకచోట ఆగిపోయారు...

"రత్నం, ఈ శ నువ్వే రాశావా?"

అవునను అన్నట్టు బల్ల కింద నుంచి దాని గౌను లాగాను. అది పుస్తకంలోకి చూసింది. నా వైపు చూసింది.

"కాదండి. నేను స రాశానండి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. లేచి నిలబడ్డాను. "నేనేనండి... మూడో తరగతికి పంపితే బడి మానేస్తానందండి..."

దెబ్బ కోసం చెయ్యి చాపాను. టీచర్ గారు కొట్టలేదు. రత్నాన్ని అడిగారు, "నేను చెప్పేటప్పుడు శ, స వేరుగా వినిపిస్తున్నాయా అమ్మా?"

"లేదండి... మీరు రెండూ ఒకేలా అంటారండి."

ఆవిడ "ఆశ... ఆస..." అని తనలో తనే రెండుసార్లు అనుకున్నారు. "నిజమేనే" అన్నారు మెల్లగా.

ఆ సోమవారం నుంచి ఎవరూ మూడో తరగతికి వెళ్ళలేదు. మాటలు ముందురోజే బోర్డు మీద రాసి, ఒత్తి పలికి, మా చేత అనిపించేవారు.

రత్నం మాత్రం "నువ్వు దిద్దేస్తే నాకొచ్చినట్టా?" అని, రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఇంటర్వెల్‌లో తనే వచ్చి పక్కన కూర్చుంది. "నాలిక ఎక్కడ పెట్టాలో చెప్పు" అంది.

కొన్ని వారాలకు ఆరు వచ్చాయి. మూడుసార్లు చూశాను... ఆరూ దానివే.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో సగం మాట కొట్టగానే మిగతా సగం అదే వచ్చేస్తోంది. తప్పూ లేదు, శుక్రవారాలంటే భయమూ లేదు. మంచిదే... కానీ ఏ అక్షరం తన చెవిన పడలేదో పక్కన కూర్చుని కనిపెట్టేదెవరు?

మీ డిక్టేషన్ పుస్తకం ఎవరు దిద్దేవారండీ... పేరు గుర్తుందా?