పురుగుమందుల దుకాణంలో మందు కొట్టని కందిపప్పు

మా మేనత్త పోయిన కబురు వచ్చేసరికి నేను దుకాణంలో ఒక రైతుకు పురుగుమందు డోసు చెప్తున్నాను. ఫోనులో నాయన రెండే మాటలన్నాడు. "అత్త పోయిందిరా. దుకాణం మూసి రా." తెల్లవారి లేచి, పొయ్యి ముట్టించి, గుండె పట్టుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. నేను షట్టరు దించుతుంటే ఆ రైతు అడిగాడు.

"ఎవురు, ఆ మందు కొట్టని కందులామెనా?"

"ఆమే."

"వయసెంత?"

"అరవై ఏడు."

ఆయన చేతిలోని సీసాను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "మా అమ్మకు ఎనభై దాటినాయి. అన్నీ తింటది," అన్నాడు. దాన్ని పరామర్శగానే స్వీకరించాను. "అయితే ట్యాంకుకు ఎన్ని మూతలన్నావు?" అని ఆయన మళ్ళీ అడిగాడు. చెప్పి, అత్త ఊరు పెద్దారవీడుకు బస్సెక్కాను.

పురుగుమందులు అమ్ముకునేవాడు ఆమె గురించి నివాళి రాయడమంటే, ఎలుక చస్తే పిల్లి సంతాపసభ పెట్టినట్టుంటుందని నాకు తెలుసు. కానీ ఆమె సరుకంతా అమ్ముడుపోయింది మా దుకాణం అరుగు మీదే కాబట్టి, ఆ సభకు నేను తప్ప వేరే అధ్యక్షుడు దొరకడు.

మా దుకాణం మార్కాపురం బస్టాండుకు దగ్గర. వారానికోసారి అత్త బస్సు దిగి, రెండు సంచులు తెచ్చి అరుగు మీద పెట్టుకుని కూర్చునేది. లోపల అరల నిండా పుర్రె బొమ్మ సీసాలు. బయట, తలుపుకు ఇవతల, మందు కొట్టని కందిపప్పు. కొత్తగా వచ్చినవాళ్ళు బోర్డు చదివి, అడ్రసు తప్పామనుకుని వెనక్కి తిరిగేవాళ్ళు. "రాండమ్మా, అవి కరవవులే," అని అత్త పిలిచేది. మా దుకాణంలో నీళ్ళు మాత్రం తాగేది కాదు. తన సీసా తను తెచ్చుకునేది.

"మా అక్క నా గడపలోనే కూర్చుని నా సరుకు కొనొద్దని చెప్తాంది," అని నాయన వచ్చిన ప్రతివాడికీ ఫిర్యాదు చేసేవాడు.

"నీ సరుకు గురించి నేను నోరెత్తలేదురా తమ్ముడా. నా సరుకు నేను అమ్ముకుంటాండా," అనేది అత్త. ఇద్దరికీ బేరం బాగానే సాగేది.

ఆమె మందు మానడానికి ఏ సదస్సూ కారణం కాదు. మా మామ ఒకరోజు చేలో మందు కొడుతూ, వీపున ట్యాంకుతోనే సొమ్మసిల్లి పడిపోయాడు. బతికాడు. కానీ ఆ తర్వాత చేతుల్లో వణుకు నిలిచిపోయింది. నిండు గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. అత్త ఆయనకు టీ ఎప్పుడూ సగం గ్లాసే పోసేది, తాగాక మళ్ళీ సగం. చాలా ఏళ్ళకు ఆయన వేరే జబ్బుతో పోయాడు. ఎవరైనా సానుభూతిగా "ఆ మందులే పొట్టన పెట్టుకున్నాయి" అంటే అత్త ఒప్పుకునేది కాదు. "దానివల్లే పోయినాడని నేననను. చేతులు వణికింది మటుకు చూసినా," అనేది.

ఆమె మాటలన్నీ అంతే కొలతతో ఉండేవి. అరుగు మీద కొనేవాళ్ళ ప్రశ్నలు నేను లోపలినుంచి వింటుండేవాణ్ణి.

"ఇది తింటే షుగరు తగ్గుతదా పెద్దమ్మా?"

"నాకు తెలవదమ్మా."

"క్యాన్సరు రాదంట గదా?"

"అదీ తెలవదు. దీనికి మందు కొట్టలేదు. నాకు తెలిసింది అంతే."

"అత్తా, ఇట్ల చెప్తే ఎవురు కొంటారు? కొంచెం ఆరోగ్యం కలిపి చెప్పరాదా," అని నేను బీఎస్సీ చదివిన తెలివితో సలహా ఇచ్చాను.

"కలిపితే అది కల్తీ గాదా అల్లుడా," అంది.

పక్క చేనువాళ్ళు మందు కొడితే మీ కందులమీద పడదా అని ఒక బ్యాంకు ఉద్యోగి నిలదీశాడు. అత్త చేను చుట్టూ నాలుగు వరసల జొన్న ఒత్తుగా వేసేది అందుకే. అయినా ఆయనతో, "గాలికి గట్టు తెలవదు సారూ. నా చేతుల సంగతి చెప్తా. గాలి సంగతి నేను చెప్పలేను," అంది. ఇలాంటి ప్రచారంతో ఏ కంపెనీ అయినా ఆరునెలల్లో మూతపడుతుంది. ఆమెకు ముప్పై ఒక్క ఇళ్ళ ఖాతాదారులు కుదిరారు.

ఇక నేను చేసిన ఘనకార్యం.

నేను డిగ్రీ ముగించి దుకాణంలో కూర్చున్న మొదటి ఏడాది. గిద్దలూరులో కూతురి పురుడుకని అత్త వెళ్ళింది. ఆ పదిహేను రోజుల్లో కందికి పచ్చపురుగు పడింది. పిందెలో తల దూర్చి, ఒళ్ళంతా బయట వేలాడేసుకుని తినే పురుగది, భోజనం దగ్గర దానికి సిగ్గుండదు. చూస్తూ చూస్తూ పంట పోగొట్టడం నావల్ల కాలేదు. మా దుకాణంలోంచే మంచి మందు తీసుకెళ్ళి, రెండు పూటలు కొట్టించాను. పురుగు చచ్చింది. అత్త వచ్చి, నిండుగా ఉన్న చేను చూసి, ఈసారి దేవుడు మేలు చేసినాడంది. నేను దేవుడి పక్కన వినయంగా నిలబడ్డాను.

పంట కోశారు, పప్పు చేశారు, ముప్పై ఒక్క ఇళ్ళకూ చేరింది. ఎండలు మొదలయ్యాక ఒకనాడు అరుగు మీద మా ఇద్దరికీ వాదన. మందు లేకుండా పంట దక్కదంటాను నేను, ఈ ఏడు దక్కలేదా అంటుంది ఆమె. గెలవాలన్న ఉత్సాహంలో నిజం చెప్పేశాను.

అత్త సంచి మూతి కట్టి, "ఎవురెవురికి ఇచ్చినాం?" అని అడిగింది. మరునాడు పొద్దున బస్సు దిగి, నన్ను వెంట రమ్మంది. "నువ్వేం మాట్లాడొద్దు. పక్కన నిలబడు, చాలు."

ముప్పై ఒక్క ఇళ్ళు, మూడు రోజులు. పలకల ఫ్యాక్టరీ వీధి నుంచి రైల్వేస్టేషను దాకా. ప్రతి గడప ముందూ ఒకటే మాట: "అమ్మా, ఈ ఏడు నా పప్పుకు మందు పడింది. నాకు తెలవకుండా జరిగింది. కావాలంటే వెనక్కి తీసుకుంటా." ఎవరివల్ల జరిగిందో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు, నా ముఖం చూసి అందరూ గ్రహించారు.

ఒక టీచరమ్మ ఆశ్చర్యపోయింది. "అవునా? నేనైతే పోయినేటి కంటే ఈ ఏడే రుచి బాగుందని మావారితో అన్నానే." బ్యాంకు ఉద్యోగికి ఈ పప్పు వల్లే గ్యాస్ ట్రబుల్ తగ్గిందట. అత్త మాట విన్నాక కాసేపు పొట్ట నిమురుకుని, రెండు రోజులుగా మళ్ళీ మొదలైందన్నాడు. ఒక పెద్దాయన నవ్వాడు. "ఫ్లోరైడు నీళ్ళు తాగి పండ్లు పచ్చబడిన ఊరమ్మా మనది. పప్పులో రెండు చుక్కలు ఎక్కువైతే ఏంది? కూర్చో, మజ్జిగ తాగిపో."

రైల్వేస్టేషను దగ్గర ఒక ఇంట్లో మాత్రం చంటిబిడ్డ తల్లి అంతా విని, లోపలికి వెళ్ళి, డబ్బాలో మిగిలిన పప్పు తెచ్చి అత్త సంచిలో పోసింది. తిట్టలేదు. తలుపు వేసుకుంది. వీధిలోకి వచ్చాక అత్త, "ఈమె ఒక్కతే నా మాట సరిగ్గా విన్నది," అంది.

నేను మాత్రం ఓడిపోలేదనే అనుకున్నాను. తిరుగు దారిలో నా వాదన మళ్ళీ ఎత్తుకున్నాను. "చూసినావు గదా అత్తా. రుచిలో తేడా ఎవురికీ తెలవలేదు. ఒంటికి తేడా ఉంటదని నువ్వే చెప్పలేవు. ఇంగ ఎందుకు ఈ అవస్థ?"

ఆమె నడుస్తూనే అడిగింది. "ఆ పొద్దు ట్యాంకు ఎవురు మోసినారు?"

"సువార్తమ్మ మొగుడు." సువార్తమ్మ, ఆమె భర్త అత్త చేలో ఏళ్ళ తరబడి కూలికి వచ్చేవాళ్ళు.

"మూతికి ఏం కట్టుకున్నాడు?"

"తువ్వాలు."

"కాళ్ళకు?"

"ఏం లేదు."

"నువ్వు యాడున్నావు?"

"గట్టు మీద."

"గాలికి ఎగువనా, దిగువనా?"

గాలికి ఎగువన నిలబడాలని సీసా మీదే రాసి ఉంటుంది. నేను చదువుకున్నవాణ్ణి. "ఆయన రెండు రోజులు అన్నం తినలేదంట. సువార్తమ్మ నాతో నిన్న చెప్పింది," అంది అత్త. అంతకుమించి ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు.

తర్వాతి ఏళ్ళలో కొందరు ఖాతాదారులు పోయారు, కొందరు కొత్తగా చేరారు. ఆమె పంట పక్క చేలకంటే ఎప్పుడూ తక్కువే. ఆరోగ్యం విషయంలో నేను ఈరోజుకూ ఏమీ తేల్చి చెప్పలేను. దహనం నాడు ఊళ్ళోవాళ్ళు తేల్చారు. "ఏం తిన్నా పోవాల్సిందేరా, ఆమె పప్పు తిని పోయింది," అని ఒకడు, "నువ్వు బిర్యానీ తిని ఉండు, చూస్తాం," అని ఇంకొకడు. అత్త ఉంటే ఇద్దరికీ తెలవదనే చెప్పేది.

దినాలు అయిన మరునాడు చేనికి పోయాం. అన్ని రోజులు ఎవరూ తొంగి చూడలేదు. పూత మీద ఉన్న కంది, అక్కడక్కడా పిందెలు. ఆ పిందెల్లో సగానికి బొక్కలు. పంట ఇప్పుడు అత్త కూతురిది. "నాకు సేద్యం తెలవదు బావా, నీకెట్ల తోస్తే అట్ల చేయి," అని గిద్దలూరు బస్సెక్కేసింది.

నాయన గట్టు మీద తీర్పు చెప్పాడు. "రెండు పూటల పని. మందు మన దుకాణంలోదే. ఇప్పుడు అడిగేదెవురు?"

"కొట్టించు అబ్బయా, నాకేంది," అంది సువార్తమ్మ నా వైపు తిరిగి. "అయితే ఆ ఇండ్లన్నీ తిరిగి చెప్పొచ్చేది ఎవురు? నువ్వేనా?"

నేను ఆదర్శం కోసం ఆగిపోయానని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మూడు రోజుల ఎండ నాకు గుర్తుంది. చెప్పకుండా అమ్ముకుందామా అంటే, ఆమె కూర్చున్న అరుగు మీదే కూర్చుని అమ్మాలి. ఇంకా ఒకటి: సువార్తమ్మ మొగుడు చేను మొదట్లో నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవకముందే తువ్వాలు భుజం మీంచి మెడకు చుట్టుకుంటున్నాడు.

"ఇంకో దారి లేదా అక్కా?" అని సువార్తమ్మను అడిగాను.

"దులపాల. సాలు సాలూ వంచి దులిపితే రాలతాయి. కింద పరిచేదానికి పట్టలు గావాల."

పట్టలు లేవు. బండి మీద మార్కాపురం పోయి, కంపెనీలవాళ్ళు దుకాణానికి కట్టిపోయిన పాత ఫ్లెక్సీలు చుట్టచుట్టి తెచ్చాను. మొదటిది సాళ్ళ మధ్య పరిచాం. దాని మీద ఒక రైతు. తెల్ల చొక్కా, దువ్విన మీసం, చేతిలో పురుగుమందు సీసా, ముఖం నిండా నవ్వు. నాయన చూసి, గట్టు దిగి, ఒక కొస పట్టుకున్నాడు.

ఎంత పంట దక్కుతుందో చెప్పలేను. సువార్తమ్మ, ఆమె మొగుడు చెరో పక్కనుంచి కంది కొమ్మలు వంచి కొట్టారు. పసుపు పూలు కొన్ని, పచ్చపురుగులు చాలా, చినుకుల చప్పుడుతో ఆ ఫ్లెక్సీ మీద రాలాయి. కాసేపు కదలకుండా పడి ఉండి, ఒక్కొక్కటే తల ఎత్తి, ఆ రైతు చొక్కా మీదుగా, మెడ మీదుగా పైకి పాకాయి. ఒకటి మీసం ఎక్కింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.