ఎడమ ముందు చక్రం

వీధి మలుపులో కారు నెమ్మదించగానే ఇనుమూ ఇనుమూ రాసుకుని గర్రుమంది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళు పళ్ళు బిగపట్టారు.

"అన్నా! కారులో కంకర మరపట్టిస్తున్నావా ఏంటి?" అని అరిచాడు ఇస్త్రీ అతను.

కారు నడిపే ఆయన చెయ్యి ఊపి, ఎవరో క్షేమం అడిగినట్టు నిండుగా నవ్వి, ఇంటి ముందు ఆపాడు. గుమ్మంలో గుండీలు కుడుతున్న భార్య చేతిలో సూది ఆగిపోయింది.

ఆగదా మరి? పేటలో ఆయన పేరు స్టెతస్కోపు. అద్దె కారు నడపడం, అందులో బడి పిల్లల్ని దింపడం బతుకుతెరువు, ఊళ్ళో బళ్ళ జబ్బులు చెవితో పట్టడం వ్యసనం. వీధి చివర ఎవరిదో స్కూటరు దగ్గితే, కంచం ముందు కూర్చునే "ప్లగ్గు పోయింది పాపం" అనేవాడు. "నువ్వు తలుపేసే చప్పుడును బట్టి ఎంత కోపమో చెబుతాను, ఈరోజు సగం కోపమే" అని భార్యను ఉడికించేవాడు.

మనిషి బండిని పరిగెత్తించడం ఎన్నాళ్ళలో నేర్చుకున్నాడో గానీ, ఆపడం నేర్చుకోవడానికి అంతకు రెట్టింపు పట్టి ఉంటుంది. ఆపడంలో ఉన్నంత మర్యాద పరుగులో లేదు. బ్రేకు ప్యాడు అరిగిపోయే ముందు, దానికున్న చిన్న రేకు నాలుక కీచుమని చెబుతుంది: అయ్యా, నా పని అయిపోవచ్చింది అని. ఆ కీచు పట్టించుకోనివాడికే గరగర. ఆవిడకు ఈ సంగతి నేర్పింది ఆయనే. కీచు ఆవిడకు వారాల కిందటే వినబడింది. ఆయన వినే ఉంటాడు, తాతకు దగ్గులు నేర్పడం దేనికని ఊరుకుంది.

ఆ పూట అన్నం వడ్డిస్తూ చెప్పింది. "ఏమండీ, బ్రేకులు గరగరలాడుతున్నాయి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. "ఏ చక్రం?"

ఆయన ఎవరినీ, ఎన్నడూ అడగని ప్రశ్న అది.

"ఎడమవైపు, ముందుది."

"ఊఁ. నేనూ అనుకుంటూనే ఉన్నా" అన్నాడాయన, మజ్జిగ కలుపుకుంటూ.

మర్నాడు బడికి సెలవు. కారు జాకీ మీదికి లేచింది, చక్రం ఊడింది. లోపలి ప్యాడు మందమంతా పోయి వెనక రేకే మిగిలింది. డిస్కు మీద దుక్కి దున్నినట్టు చాళ్ళు. బయటి ప్యాడు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది.

"చూశావా? ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ జారాల్సిన పిన్ను తుప్పుపట్టి బిగుసుకుంది. ఇది కదలదు, భారమంతా లోపలిదాని నెత్తిన" అని చూపించాడు. పిన్నును గరుకు కాగితంతో రుద్ది గ్రీజు పెట్టాడు. కొత్త డిస్కు, కొత్త ప్యాడ్లు బిగించాడు. బ్రేకు నూనె పారే రబ్బరు గొట్టం పగుళ్ళిచ్చిందని అదీ మార్చాడు. ఇక గొట్టంలో చేరిన గాలి తీయాలి.

అది ఇద్దరి పని. ఆయన "తొక్కు" అంటాడు. ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టి "తొక్కా" అంటుంది. ఆయన చిన్న నట్టు వదులు చేస్తే నూనె, బుడగలు సీసాలోకి పోతాయి. నట్టు బిగించాకే "వదులు" అంటాడు. ఈలోపు కాలు తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వస్తుంది. వాళ్ళ కాపురంలో వాదన లేకుండా జరిగిన సంభాషణ ఇదొక్కటే.

సీటెక్కబోతూ ఆవిడ, గడ్డం గీసుకునే అద్దం చక్రం పక్కన ఇటుకకు ఆనించి ఉండటం చూసింది. క్యాలిపర్ వెనక్కి తొంగిచూడ్డానికి తెచ్చి ఉంటాడు, కాలు తగిలితే పగులుతుందని తీసుకెళ్ళి కిటికీలో పెట్టి వచ్చింది.

"తొక్కు."

"తొక్కా."

చక్రం దగ్గర చెయ్యి కదల్లేదు.

"తొక్కానండీ!"

"వదినా, నాకు వినబడింది! కావాలంటే నట్టు నేను తిప్పనా?" అన్నాడు ఇస్త్రీ అతను, వీధి అవతలి నుంచి.

తలుపు సందులోంచి ఆయన వంచిన తల కనిపించింది. ఖాళీ ఇటుక చుట్టూ కళ్ళతో దేన్నో వెతుక్కుంటున్నాడు. ఆవిడ అయోమయంగా కాలు తీసింది. సరిగ్గా అప్పుడే ఆయన అంచనా మీద నట్టు తిప్పాడు. సీసాలో గుడగుడమంది. మళ్ళీ తొక్కితే పెడల్ నేలదాకా దిగిపోయింది, బురదలో కాలు దిగినట్టు.

ఆవిడ దిగింది. లోపలికెళ్ళి అద్దం తెచ్చి ఇటుకకు ఆనించింది. ఆయన తలెత్తలేదు. వేలితో అద్దాన్ని కాస్త పక్కకు తిప్పుకున్నాడు, సీట్లో కూర్చున్న మనిషి పెదాలు కనిపించేలా. ఆ తర్వాత పని సజావుగా సాగింది.

చేతులు కడుక్కుంటుంటే ఎదురుగా నిలబడి అడిగింది. "ఎన్నాళ్ళయింది?"

"ముందు పిట్టలు కూయడం మానేశాయి. తర్వాత ఇండికేటరు టిక్కుటిక్కుమనడం మానేసింది. అది చెడిపోయిందనుకుని దాన్ని మోగించే రిలే కూడా మార్చాను" అని నవ్వబోయాడు. "చెవి డాక్టరు చూశాడు. లోపల నరమట. మిషను పెట్టినా లాభం లేదన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే గట్టిగా మాట్లాడతావు. వీధంతా వింటుంది, నేను తప్ప."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "రేపు బడి పిల్లల్ని ఎక్కించుకోకండి."

"అద్దాలు మూడున్నాయిగా. ముందూ వెనకా కనబడుతూనే ఉంది."

"వెనక సీట్లో చిన్నపిల్ల పిలిస్తే?"

ఆయన సబ్బు చేత్తోనే గోడకు ఆనుకున్నాడు. "మొన్న పిలిచింది. కడుపులో తిప్పుతోంది మామయ్యా, ఆపు ఆపు అని చాలాసేపు పిలిచిందట. వాళ్ళక్క నా భుజం కొట్టేసరికి గౌను నిండా కక్కుకుని, నేను తిడతానేమోనని వణికిపోతోంది. పాట పెట్టుకున్నా, వినబడలేదమ్మా అన్నాను. పాటా లేదు, పాడూ లేదు."

కుళాయి కింద నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆవిడే కట్టేసింది.

సాయంత్రం ఇద్దరూ కారెక్కారు. మలుపులో ఆయన బ్రేకు వేసి భార్య వైపు చూశాడు. చక్రం మెత్తగా ఆగింది. ఆవిడ తలూపింది. అంత బాగా కుదిరిన బ్రేకును చూసి ఏడవడం ఆవిడకు కొత్త.

"ఆ పిల్లల అమ్మకు నువ్వే చెప్పు. ఆవిడ జాలిగా ఏమన్నా అంటే, ఆ పెదాలు నేను చదవలేను" అన్నాడు.

పిల్లల ఇంటి ముందు ఆపి తాళం తిప్పాడు. ఇంజను ఆగిందో లేదోనని అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆన్చి కాసేపు కూర్చున్నాడు. వణుకు లేదని తెలిశాక తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆవిడ అప్పటికే దిగి తలుపు గంట కొట్టింది.