గోడౌన్ లీజ్‌లో మా ఆరాధన

అమెరికాలోని అరోరాలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం ఆరాధనకు ఒక స్కూల్ కెఫెటీరియాను అద్దెకు తీసుకునేది. వేసవి తర్వాత ఇవ్వలేమని స్కూల్ వాళ్లు చెప్పేసరికి వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఇండస్ట్రియల్ పార్క్‌లో ఖాళీ గోడౌన్ ఉందంటూ ఒక బ్రోకర్ వచ్చాడు. తెలుగువాడే. ఫోన్ ఎత్తగానే "ప్రైజ్ ద లార్డ్ అక్కా" అనేవాడు. బేరం మధ్యలో స్తోత్రాలు చెప్పే మనిషి దగ్గర నేను కాస్త జాగ్రత్తగా ఉంటాను.

మా సంఘంలో ఓట్లు ఉండవు. పాస్టర్ గారు విషయం చెప్పి ప్రార్థిస్తారు, అందరూ ఆమేన్ అంటారు, నిర్ణయం అయిపోతుంది. గోడౌన్‌కూ అలాగే ఆమేన్ అనేశారు. లీజ్ ఎవరూ చదవలేదు. నేను ఇంటికి తెచ్చుకుని చదివాను.

ఏ మాటకు ఏ అర్థమో చెప్పే భాగం మొదట్లోనే ఉంది. ఆవరణ అంటే నాలుగు గోడల లోపలే. పార్కింగ్ అందులోకి రాదు. అనుమతించిన వినియోగం అంటే సరుకు నిల్వ, పంపిణీ, వాటికి సంబంధించిన ఆఫీస్ పని. మేము చేసే పని 'పుస్తకాల నిల్వ' అని రాశారు! మాలో ఎవరూ అలా చెప్పలేదు. బైబిల్లో విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నవాడు భార్య సమాధికి పొలం కొన్నప్పుడు, గుహనూ, సరిహద్దు లోపలి చెట్లనూ కూడా సాక్షుల ముందు ఖాయం చేసుకున్నాడు. ఆయనకు విశ్వాసం తక్కువై కాదు.

శనివారం సంతకాలకు పాస్టర్ గారు, సంఘ పెద్ద, బ్రోకర్, నేను గోడౌన్‌లోనే కలిశాం.

"బ్రదర్, ఈ పుస్తకాల నిల్వ ఏంటి?" అని అడిగాను.

"బైబిళ్లు ఉంటాయి కదక్కా, అబద్ధమేం కాదు," అని బ్రోకర్ నవ్వాడు. "ఎక్కడ ఏం నడపొచ్చో సిటీ రూల్స్ ఉంటాయి, ఆ జోనింగ్ ఇష్యూ రాకుండా నేనే పెట్టించా."

మా సంఘ పెద్ద కూడా నవ్వారు. "నువ్వు పరలోకంలోనూ టర్మ్స్ అడుగుతావేమోనమ్మా!"

"అక్కడ ఖాళీ చేయించే ఓనర్ లేడంకుల్, ఇక్కడున్నాడు," అని బ్రోకర్ వైపు తిరిగాను. "ఆదివారం ఆరాధన అని ఒక్క లైన్ యాడ్ చేయించండి."

"రాస్తే ఓనర్ ఒప్పుకోడక్కా. రాయకపోతే చూసీ చూడనట్టు ఉంటాడు."

"ఎన్నాళ్లు?"

అతను ఫోన్ చూసుకున్నాడు. మాకంటే మంచి అద్దెదారు దొరికేదాకా అని నాకు అర్థమైంది.

పాస్టర్ గారు పెన్ మూసి జేబులో పెట్టుకున్నారు. "పుస్తకాల గోడౌన్ అని సంతకం పెట్టిన చోట నేను సత్యం బోధించలేను బ్రదర్," అన్నారు.

బయటికి వచ్చాక సంఘ పెద్ద నా పక్కన నడుస్తూ, "ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలమ్మా, నీ అనుమానం మీదా?" అన్నారు.

"మా బేస్‌మెంట్‌లో అంకుల్."

అందులో సగం మందే పడతారని ఇద్దరికీ తెలుసు. ఆయన కార్ ఎక్కి తలుపు గట్టిగా వేసుకున్నారు.