వేళ్ళు లేని సంపెంగ

పోయిన వారం కోటబొమ్మాళి సంతలో ఒక ముసలమ్మ దగ్గర పావలాకే సంపెంగ మొక్క కొన్నాను. రోజూ నీళ్ళు పోసినా వాడిపోయింది. ఈ ఉదయం పీకి చూస్తే వేళ్ళే లేవు. విరిచిన కొమ్మను మట్టిముద్దలో గుచ్చి అమ్మింది!

ఇవాళ మళ్ళీ సంత. కోపంగా వెళ్ళి నిలదీశాను.

"నూతిలో నీళ్ళు ఇంకిపోనాయమ్మా. ఏర్లున్న మొక్కలన్నీ సచ్చిపోనాయి. ఏటి సెయ్యమంతావు? పెద్ద సెట్టు కొమ్మలే ఇరుసుకొచ్చి అమ్ముతన్నాను," అంది.

"మరి ఆ చెట్టో?"

"అదీ ఎండిపోతన్నాది."

తిట్టడానికి వెళ్ళినదాన్ని, ఇంకో కొమ్మ కొనుక్కొచ్చాను. బతకదని తెలిసీ సాయంత్రం నాటి, చెంబుడు నీళ్ళు పోశాను. ఇది జాలో, పిచ్చో మీరే చెప్పండి. మా నూతిలోనూ చేద అప్పుడే అడుగు తాకుతోంది.